ముప్పాతిక వోల్టులో ఇమిడిన లెక్క: బ్యాటరీ చార్జిని చూపే ఎల్‌ఈడీ దీపాలు

ఇంట్లో ఇన్వర్టరుకూ, రోడ్డు మీద ఆటోకూ, పొలంలో ట్రాక్టరుకూ, వీపున తగిలించుకుని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుకూ శక్తినిచ్చేది 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీయే అయినా, అందులో ఏ క్షణాన ఎంత విద్యుత్తు మిగిలి ఉందో పైపైన చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. నిండుగా ఉన్న బ్యాటరీకీ ఖాళీ అయిన బ్యాటరీకీ బరువులో తేడా ఉండదు, రూపంలో తేడా ఉండదు. లోపలి పరిస్థితిని బయటికి తెలిపే ఆధారాలు ప్రధానంగా రెండే: మూతలు తీయగలిగిన బ్యాటరీలో ఆమ్లం చిక్కదనం, ఏ బ్యాటరీలోనైనా రెండు ధ్రువాల మధ్య కనిపించే వోల్టేజి. సీలు వేసిన బ్యాటరీల్లో మొదటి ఆధారం అందుబాటులో ఉండదు గనుక మిగిలేది వోల్టేజి ఒక్కటే. ఆ వోల్టేజిని చదివి, అందరికీ అర్థమయ్యే విధంగా వరుసగా వెలిగే దీపాలుగా మార్చే సర్క్యూటును కొద్దిపాటి ఖర్చుతో, బజారులో దొరికే మామూలు విడిభాగాలతో తయారుచేసుకోవచ్చు. అయితే ఆ దీపాలు నిజం చెప్పాలంటే బ్యాటరీ స్వభావం, సర్క్యూటు స్వభావం రెండూ తెలిసి ఉండాలి.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రూపొందించిన లెడ్-యాసిడ్ బ్యాటరీ ఈనాటికీ మూలసూత్రంలో మారలేదు. ఒక్కొక్క గదిలో, అంటే సెల్‌లో, లెడ్ డయాక్సైడ్ పూసిన ధన పలకలు, మెత్తని సీసంతో చేసిన రుణ పలకలు, వాటి మధ్య నీటితో పలుచన చేసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. బ్యాటరీ నుంచి విద్యుత్తు తీసుకుంటున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు అంటుకుని, రెండు రకాల పలకలూ లెడ్ సల్ఫేటుగా మారుతూ, ఆమ్లం స్థానంలో నీరు పుడుతూ, ద్రావణం క్రమంగా పలుచబడుతుంది. చార్జి చేసినప్పుడు ఇదంతా తలకిందులుగా జరిగి ఆమ్లం తిరిగి చిక్కబడుతుంది. ఈ చిక్కదనాన్ని సాపేక్ష సాంద్రత అంటారు, అంటే అంతే పరిమాణం గల నీటికంటే ద్రావణం ఎన్ని రెట్లు బరువుగా ఉందో చెప్పే సంఖ్య. బ్యాటరీ దుకాణాలవారు హైడ్రోమీటరు ముంచి ‘గ్రావిటీ’ చూడటమంటే ఈ సంఖ్యను చదవడమే. వాహనాల బ్యాటరీల్లో నిండు చార్జి వద్ద ఇది 1.265 దగ్గర, పూర్తిగా ఖర్చయ్యాక 1.12 దగ్గర ఉంటుంది.

గ్రావిటీకీ వోల్టేజికీ మధ్య ఒక సులువైన సంబంధం ఉంది. విశ్రాంతిగా ఉన్న సెల్ వోల్టేజి దాదాపుగా దాని గ్రావిటీకి 0.845 కలిపితే వచ్చే సంఖ్యకు సమానం. 1.265కు 0.845 కలిపితే 2.11 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలో ఇలాంటి సెల్‌లు ఆరు వరుసగా కలిపి ఉంటాయి గనుక నిండు బ్యాటరీ 12.66 వోల్టులు చూపుతుంది. అదే లెక్కన గ్రావిటీ 1.12కు పడిపోయిన బ్యాటరీ 11.8 వోల్టుల దగ్గర ఆగుతుంది. ఆచరణలో 12.65 వోల్టులను నిండుగా, 12.4ను ముప్పాతికగా, 12.2ను సగంగా, 12.0ను పాతికగా, 11.9 కిందికి వస్తే ఖాళీ అయినట్టుగా లెక్కవేస్తారు. ‘12 వోల్టుల బ్యాటరీ’ అనే పేరు విని, సగం ఖర్చయితే 6 వోల్టులు చూపుతుందని ఊహించేవారు ఉంటారు. వాస్తవంలో 12 వోల్టులు చూపుతున్న బ్యాటరీ మూడు వంతులు ఖాళీ అయినట్టే. నిండుకూ ఖాళీకీ మధ్య ఉన్న దూరమంతా ముప్పాతిక వోల్టు మాత్రమే.

సర్క్యూటు రూపకల్పనలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. సున్నా నుంచి 15 వోల్టుల వరకు గీతలున్న ముల్లు మీటరు మీద ఈ ముప్పాతిక వోల్టు మొత్తం కొలబద్దలో ఇరవయ్యో వంతు, అంటే ముల్లు కదిలీ కదలనట్టుగా కనిపిస్తుంది. కాబట్టి కావలసిన సర్క్యూటు మొదటి పన్నెండు వోల్టులను దాదాపుగా పట్టించుకోకుండా, చివరి ముప్పాతిక వోల్టును మాత్రం నాలుగైదు ముక్కలుగా కోసి, ఏ ముక్కలో బ్యాటరీ ఉందో చూపాలి. ఒక్కొక్క ముక్క వెడల్పు సుమారు 0.2 వోల్టు గనుక అందులో వాడే ప్రతి భాగమూ అంతకంటే చాలా తక్కువ పొరపాటుతో పనిచేయాలి.

ఈ ప్రమాణంతో చూస్తే పుస్తకాల్లో తరచుగా కనిపించే అతి సులువైన పద్ధతి నిలబడదు. ఆ పద్ధతిలో ఒక ఎల్‌ఈడీని, ఒక జీనర్ డయోడును, ఒక రెసిస్టరును వరుసగా కలిపి బ్యాటరీకి తగిలిస్తారు. ఎల్‌ఈడీ అంటే కరెంటు ఒకే దిశలో ప్రవహించినప్పుడు కాంతినిచ్చే డయోడు. కంటికి కనిపించే ఎరుపు కాంతినిచ్చే ఎల్‌ఈడీని 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ ప్రదర్శించారు. వెలగడానికి ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 1.8 నుంచి 2 వోల్టులు, నీలం లేదా తెలుపు ఎల్‌ఈడీకి 3 వోల్టులకు పైగా అవసరమవుతుంది. జీనర్ డయోడు తనకు నిర్ణయించిన వోల్టేజి దాటేవరకు కరెంటును ఆపి, దాటిన తరువాత వదులుతుంది. 10 వోల్టుల జీనరుకు 2 వోల్టుల ఎల్‌ఈడీ తోడైతే 12 వోల్టులు దాటాక దీపం వెలగాలి. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. కానీ బజారులో దొరికే మామూలు జీనర్లలో 5 శాతం వరకు తేడా అనుమతిస్తారు, 10 వోల్టులకు 5 శాతమంటే అటు అర వోల్టు, ఇటు అర వోల్టు. కొలవవలసింది ముప్పాతిక వోల్టయితే, కొలిచే సాధనంలోని తేడాయే ఒక వోల్టన్న మాట. పైగా వేడిని బట్టి జీనర్ వోల్టేజి మారుతుంది, దీపం కూడా ఒక్కసారిగా వెలగక మసకగా మొదలై నెమ్మదిగా ప్రకాశిస్తుంది, వెలిగినట్టా వెలగనట్టా అన్నది చూసేవారి కంటికే వదిలేయాల్సి వస్తుంది. బొమ్మల్లోనో పాఠశాల ప్రదర్శనల్లోనో తప్ప ఈ పద్ధతిని వాడకపోవడమే మంచిది.

సరైన మార్గం పోల్చి చూసే పనిని ఒక భాగానికి, ప్రమాణాన్ని నిలబెట్టే పనిని మరో భాగానికి, వెలుగునిచ్చే పనిని ఎల్‌ఈడీకి విడివిడిగా అప్పగించడం. పోల్చే భాగాన్ని కంపారేటర్ అంటారు. దానికి రెండు ప్రవేశాలు, ఒక నిర్గమం ఉంటాయి. రెండు ప్రవేశాల వద్ద ఉన్న వోల్టేజిల్లో ఏది ఎక్కువో చూసి, నిర్గమాన్ని ‘తెరిచి’ లేదా ‘మూసి’ ఉంచడమే దాని పని, మధ్యస్థంగా మసక తీర్పు ఇవ్వదు. 1970ల నుంచి వాడుకలో ఉన్న ఎల్‌ఎమ్339 అనే 14 కాళ్ల ఐసీలో ఇలాంటి కంపారేటర్లు నాలుగు ఉంటాయి. దాని మూడో కాలు బ్యాటరీ ధన ధ్రువానికి, పన్నెండో కాలు రుణ ధ్రువానికి కలపాలి. ఇది 36 వోల్టుల వరకు తట్టుకుంటుంది కాబట్టి చార్జి అవుతున్నప్పుడు బ్యాటరీ 14.4 వోల్టులకు చేరినా దీనికి ఇబ్బంది లేదు.

ప్రమాణం కోసం టీఎల్431 అనే మూడు కాళ్ల భాగం సరిపోతుంది. చూడటానికి మామూలు ట్రాన్సిస్టరులా ఉండే ఈ భాగంలో రిఫరెన్స్ కాలునూ క్యాథోడ్ కాలునూ కలిపి, బ్యాటరీ ధన ధ్రువం నుంచి 4.7 కిలోఓముల రెసిస్టరు ద్వారా కరెంటు ఇస్తే, బ్యాటరీ 11 వోల్టుల దగ్గరున్నా 14 వోల్టుల దగ్గరున్నా ఆ కాళ్ల వద్ద దాదాపు 2.5 వోల్టులు స్థిరంగా నిలుస్తాయి. ఇది సవ్యంగా పనిచేయడానికి కనీసం ఒక మిల్లీఆంపియర్ కావాలి, 4.7 కిలోఓముల ద్వారా రెండు మిల్లీఆంపియర్లు అందుతాయి. కాళ్ల వరుస తయారీదారును బట్టి మారే అవకాశం ఉంది గనుక టంకం వేసే ముందు ఆ భాగపు సమాచార పత్రాన్ని చూసి నిర్ధారించుకోవాలి.

ఇక 12 వోల్టుల చుట్టూ తిరిగే బ్యాటరీ వోల్టేజిని 2.5 వోల్టులతో పోల్చాలంటే ముందు దాన్ని సుమారు అయిదో వంతుకు తగ్గించాలి. ఆ పనిని వరుసగా కలిపిన రెసిస్టర్ల గొలుసు చేస్తుంది. బ్యాటరీ ధన ధ్రువం నుంచి మొదట 10 కిలోఓముల రెసిస్టరు, దాని కింద ఒకదాని తరువాత ఒకటిగా 47 ఓముల రెసిస్టర్లు మూడు, అన్నిటికంటే కింద 2.5 కిలోఓముల నిరోధం, చివరికి రుణ ధ్రువం. వీటి మధ్య నాలుగు కూడళ్లు ఏర్పడతాయి. అట్టడుగు కూడలి వద్ద వోల్టేజి అన్నిటికంటే తక్కువ కాబట్టి అది 2.5 వోల్టులను అందుకోవాలంటే బ్యాటరీ 12.64 వోల్టులకు చేరాలి; దాని పై కూడలి 12.41 వద్ద, ఆ పైది 12.18 వద్ద, అన్నిటికంటే పైది 11.97 వద్ద 2.5 వోల్టులు దాటుతాయి. నిండు, ముప్పాతిక, సగం, పాతిక అనే నాలుగు మెట్లకు ఈ నాలుగు సంఖ్యలు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించవచ్చు. నాలుగు కూడళ్లను నాలుగు కంపారేటర్ల రుణ ప్రవేశాలకు, 2.5 వోల్టుల ప్రమాణాన్ని ధన ప్రవేశాలకు కలిపితే పోల్చే యంత్రాంగం పూర్తయినట్టే.

ఈ అంకెలను సరిచూడాలనుకునే పాఠకులకు లెక్క కష్టమేమీ కాదు. గొలుసు మొత్తం నిరోధం 10,000, 141, 2,500 కలిపి 12,641 ఓములు. ఏ కూడలికైనా దాని కింద ఉన్న నిరోధంతో ఈ మొత్తాన్ని భాగించి 2.5తో గుణిస్తే ఆ కూడలి తీర్పు మారే బ్యాటరీ వోల్టేజి వస్తుంది. మెట్ల మధ్య దూరాన్ని 47 ఓముల రెసిస్టర్లు నిర్ణయిస్తాయి, మొత్తం మెట్ల వరుస ఎంత ఎత్తున ఉండాలో కింది 2.5 కిలోఓములు నిర్ణయిస్తాయి. ఈ రెండు పనులూ వేరువేరు భాగాల చేతిలో ఉండటం ఈ అమరికలోని పెద్ద సౌకర్యం.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రెసిస్టర్లు కూడా సరిగ్గా పేరుకు తగిన విలువతో రావు. ఒక శాతం తేడాకు హామీ ఇచ్చే మెటల్ ఫిల్మ్ రకంలోనే 10 కిలోఓముల రెసిస్టరు నూరు ఓములు అటూ ఇటూ ఉండవచ్చు, ఆ నూరు ఓములే మెట్టును 0.1 వోల్టు జరుపుతాయి. 5 శాతం తేడా ఉండే కార్బన్ రెసిస్టరు వాడితే జరుగుబాటు అర వోల్టు అవుతుంది, అంటే జీనరుతో వచ్చిన కష్టమే మరో రూపంలో తిరిగి వస్తుంది. అందువల్ల పై రెసిస్టరుకు ఒక శాతం రకాన్నే ఎంచుకుని, కింది 2.5 కిలోఓముల స్థానంలో 2.2 కిలోఓముల స్థిర రెసిస్టరును, దానికి వరుసగా 500 ఓముల ప్రీసెట్‌ను పెట్టాలి. ప్రీసెట్ అంటే స్క్రూడ్రైవరుతో తిప్పి విలువ మార్చగల చిన్న రెసిస్టరు. ఒక్క చుట్టుతో ఆగేవాటికంటే పలుచుట్లు తిరిగే రకం కొద్దిగా ఖరీదైనా, నూరో వంతు వోల్టు వరకు సర్దుకోవడానికి అదే అనువైనది. రెసిస్టర్లలోని తేడా, టీఎల్431లోని తేడా అన్నీ ఈ ఒక్క మర తిప్పడంతో సర్దుకుంటాయి.

ఎల్‌ఎమ్339 నిర్గమం తనంతట తాను వోల్టేజి ఇవ్వదు. తీర్పు ‘అవును’ అయినప్పుడు ఆ కాలును రుణ ధ్రువానికి కలుపుతుంది, ‘కాదు’ అయినప్పుడు వదిలేస్తుంది. కాబట్టి ప్రతి ఎల్‌ఈడీని బ్యాటరీ ధన ధ్రువం నుంచి 2.2 కిలోఓముల రెసిస్టరు ద్వారా నిర్గమానికి కలపాలి. 12.6 వోల్టుల వద్ద ఒక్కొక్క ఎల్‌ఈడీలో సుమారు 4.7 మిల్లీఆంపియర్లు, 14.4 వోల్టుల వద్ద కూడా ఆరుకు లోపలే ప్రవహిస్తాయి. ఎల్‌ఎమ్339 నిర్గమం తప్పనిసరిగా మోయగలనని హామీ ఇచ్చేది ఆరు మిల్లీఆంపియర్లే గనుక దీనికంటే ఎక్కువ ప్రకాశం కోసం ఆశపడి రెసిస్టరు తగ్గించకూడదు. నేటి ఎల్‌ఈడీలు ఈ కరెంటుకే గదిలో స్పష్టంగా కనిపిస్తాయి.

నాలుగు దీపాలూ వెలిగితే నిండు, ఒక్కటే వెలిగితే పాతిక. మరి ఏదీ వెలగకపోతే? బ్యాటరీ ఖాళీ అయిందా, తీగ ఊడిందా, ఫ్యూజు పోయిందా అన్నది తేలదు. చవక పరికరాల్లో ఈ అస్పష్టత తరచుగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా కంపారేటరుతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి 2.2 కిలోఓముల ద్వారా కలిపిన ఎరుపు ఎల్‌ఈడీని అయిదవదిగా అమర్చాలి. ఎరుపు ఒక్కటే వెలిగితే బ్యాటరీ అడుగంటిందని, ఎరుపు కూడా వెలగకపోతే సర్క్యూటుకే కరెంటు అందడం లేదని తెలిసిపోతుంది. పై నాలుగింటికి రంగులేవైనా పెట్టుకోవచ్చు. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు గనుక రంగు మీద కాక దీపాల సంఖ్య మీద ఆధారపడే అమరికే నమ్మదగినది.

బ్యాటరీ వోల్టేజి సరిగ్గా ఒక మెట్టు అంచున ఉన్నప్పుడు ఆ దీపం మిణుకుమిణుకుమంటూ వెలిగి ఆరుతుంటుంది, ముఖ్యంగా ఇన్వర్టరు నడుస్తున్నప్పుడు తీగల్లో పుట్టే అలల వల్ల. దీన్ని ఆపడానికి కంపారేటరుకు కొంత పట్టుదల నేర్పాలి: వెలగడానికి ఒక వోల్టేజి, ఆరడానికి అంతకంటే కాస్త తక్కువ వోల్టేజి ఉండేలా చేయాలి, ఈ ఎడాన్నే హిస్టరిసిస్ అంటారు. ప్రమాణ వోల్టేజిని ప్రతి ధన ప్రవేశానికీ ఒక కిలోఓము రెసిస్టరు ద్వారా ఇచ్చి, అదే ప్రవేశాన్ని ఆ కంపారేటరు నిర్గమానికి ఒక మెగాఓముతో కలిపితే, బ్యాటరీ వైపు చూసినప్పుడు సుమారు 0.05 వోల్టు ఎడం వస్తుంది. మెట్టు వెడల్పు 0.2 వోల్టులకు పైనే కాబట్టి ఈ ఎడం కొలతను చెడగొట్టదు. ఒక కిలోఓము బదులు పొరపాటున పది కిలోఓములు పెడితే ఎడం అర వోల్టుకు పెరిగి సర్క్యూటు నిరుపయోగమవుతుంది.

రక్షణ విషయంలో ఉదాసీనత పనికిరాదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ధ్రువాలు ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు దూకి తీగలు ఎర్రగా కాలుతాయి, చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుచేత సర్క్యూటుకు వెళ్లే ధన తీగలో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 100 లేదా 200 మిల్లీఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ధ్రువాలు తారుమారు చేసి తగిలించే పొరపాటుకు చాలామంది ధన తీగలో వరుసగా ఒక డయోడు పెడతారు. ఈ సర్క్యూటులో మాత్రం అది తగదు, ఎందుకంటే ఆ డయోడు తినే 0.6 వోల్టు వేడితో మారుతూ కొలతనే తప్పిస్తుంది. దానికి బదులు ఫ్యూజు తరువాత, సర్క్యూటు రెండు తీగల మధ్య, 1ఎన్4007 డయోడును తిరగేసి అమరిస్తే, ధ్రువాలు మారినప్పుడు డయోడు కరెంటును తన మీదుగా లాగి ఫ్యూజును పేల్చి మిగతా భాగాలను కాపాడుతుంది.

అన్ని దీపాలూ వెలిగినప్పుడు ఈ సర్క్యూటు దాదాపు 27 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, రోజంతా వెలిగితే సుమారు 0.65 ఆంపియర్-అవర్. ఆంపియర్-అవర్ అంటే ఒక ఆంపియర్ కరెంటును ఒక గంటపాటు ఇచ్చే సామర్థ్యం. 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీని ఈ ఖర్చు హరించడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది గానీ, స్ప్రేయర్లలో ఉండే 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీని పన్నెండు రోజుల్లో ఖాళీ చేస్తుంది. చార్జి ఎంతుందో చూపడానికి పెట్టిన సర్క్యూటే చార్జిని తినేయడం హాస్యాస్పదం కాబట్టి, ఫ్యూజు తరువాత నొక్కితేనే కలిసే బటన్ ఒకటి పెట్టడం ఉత్తమం.

సర్దుబాటుకు వోల్టేజి మార్చగల పవర్ సప్లయి, నమ్మకమైన డిజిటల్ మల్టీమీటరు కావాలి. పాలిటెక్నిక్ ప్రయోగశాలల్లో రెండూ ఉంటాయి. సప్లయిని 12.64 వోల్టుల వద్ద నిలిపి, నిండును చూపే పై దీపం అప్పుడే వెలిగేలా ప్రీసెట్ తిప్పి, తరువాత వోల్టేజిని నెమ్మదిగా దించుతూ మిగతా మూడు దీపాలు ఎక్కడెక్కడ ఆరుతున్నాయో రాసుకుంటే చాలు. హిస్టరిసిస్ వల్ల ఆరే అంకెలు వెలిగే అంకెలకంటే 0.05 వోల్టు కిందుగా ఉంటాయి, అది దోషం కాదు. మల్టీమీటరు చవకదైతే 12 వోల్టుల వద్ద అదే 0.06 వోల్టు తప్పు చూపవచ్చునని గుర్తుంచుకోవాలి.

వేడి ప్రదేశాల్లో వాడే బ్యాటరీల విషయంలో మరో సర్దుబాటు అవసరమవుతుంది. ఇన్వర్టర్లకు వాడే చాలా ట్యూబులర్ బ్యాటరీల్లో, పలకలు త్వరగా తినివేయబడకుండా, ఆమ్లాన్ని కొంత పలుచగా, నిండు చార్జి వద్ద గ్రావిటీ 1.240 దగ్గర ఉండేలా పోస్తారు. పైన చెప్పిన సంబంధం ప్రకారం అలాంటి బ్యాటరీ పూర్తిగా నిండినా 12.51 వోల్టులే చూపుతుంది, వాహన బ్యాటరీకని సరిచేసిన సర్క్యూటులో పై దీపం ఏనాటికీ వెలగదు. ఆ ఇంటివారు బ్యాటరీ చెడిపోయిందని దుకాణానికి మోసుకెళ్లే అవకాశం లేకపోలేదు. బ్యాటరీ మీద తయారీదారు ముద్రించిన గ్రావిటీని చదివి, 0.845 కలిపి, ఆరుతో గుణించి వచ్చిన అంకెకు కాస్త కింద ప్రీసెట్‌ను నిలిపితే మెట్లన్నీ ఆ మేరకు కిందికి జరిగి ఈ చిక్కు తీరుతుంది.

ఇంత జాగ్రత్తగా తయారుచేసిన దీపాలు కూడా సరైన వేళ చూస్తేనే సరైన సమాధానం చెబుతాయి. పైన ఇచ్చిన వోల్టేజి లెక్కలన్నీ విశ్రాంతిగా ఉన్న బ్యాటరీవి. చార్జరు కలిపి ఉన్నప్పుడు బ్యాటరీ 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు చూపుతుంది గనుక దాదాపు ఖాళీ బ్యాటరీ మీద కూడా దీపాలన్నీ వెలుగుతాయి. చార్జరు తీసిన తరువాత కూడా పలకల ఉపరితలం మీద మిగిలిన చార్జి కొన్ని గంటలపాటు వోల్టేజిని పైకి పట్టి ఉంచుతుంది. దీనికి వ్యతిరేకంగా, ఇన్వర్టరు మీద 400 వాట్ల భారం పడితే బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల వరకు కరెంటు వెళుతుంది, లోపలి నిరోధం అయిదు మిల్లీఓములే అయినా 0.2 వోల్టు, అంటే దాదాపు ఒక పూర్తి మెట్టు, కిందికి దిగుతుంది. భారం తీసేయగానే దీపం తిరిగి వెలుగుతుంది. సర్క్యూటు తీగలను ఇన్వర్టరు కనెక్షన్ల వద్ద కాక బ్యాటరీ ధ్రువాలకే నేరుగా, విడిగా తగిలించమని చెప్పేది కూడా ఇందుకే, లావు తీగల్లో పడిపోయే వోల్టేజి కొలతలో కలవకూడదని. ఉదయం పూట, రాత్రంతా చార్జరూ భారమూ లేకుండా ఉన్న బ్యాటరీ మీద బటన్ నొక్కి చూసిన సమాధానమే ప్రామాణికం.

వయసు మీరిన బ్యాటరీ సంగతి వేరు. దీపాలు నిష్పత్తిని చూపుతాయి, పరిమాణాన్ని చూపవు. పూడిక పేరుకున్న చెరువులో నీరు కట్ట అంచుదాకా కనిపించినా ఆయకట్టుకు పారే నీరు తగ్గిపోయినట్టే, పలకలు గట్టిపడిన లెడ్ సల్ఫేటుతో నిండిన పాత బ్యాటరీ 12.6 వోల్టులు చూపి, నాలుగు దీపాలు వెలిగించి, ఫ్యాను పెట్టిన అరగంటకే చతికిలబడుతుంది. బ్యాటరీని ఖాళీగా వదిలేసినకొద్దీ ఈ సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడతాయి కాబట్టి, పై నాలుగు దీపాల్లో ఎక్కువ విలువైనది నిండును చూపేది కాదు, 12.18 వద్ద సగాన్ని చూపేది. అది ఆరగానే చార్జి పెట్టే అలవాటు బ్యాటరీ ఆయుష్షును పెంచుతుంది.

నాలుగు మెట్లు చాలవనుకునేవారికి ఎల్‌ఎమ్3914 అనే 18 కాళ్ల ఐసీ ఉంది. పది కంపారేటర్లు, పది సమాన రెసిస్టర్ల గొలుసు, ప్రమాణ వోల్టేజి అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. ఎల్‌ఈడీలకు విడిగా రెసిస్టర్లు కూడా అక్కరలేదు. దీన్ని రూపొందించిన నేషనల్ సెమీకండక్టర్ సంస్థను 2011లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనుగోలు చేసింది. అయితే ముప్పాతిక వోల్టును పది ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 0.08 వోల్టు లోపే. బ్యాటరీ వోల్టేజి గంటగంటకూ అంతకంటే ఎక్కువగా ఊగుతుంది గనుక ఆ పది దీపాల సూక్ష్మత కంటికి ఇంపేగానీ సమాచారం కాదు. నేర్చుకునేవారికి కూడా, ప్రతి భాగం పని విడిగా కనిపించే ఎల్‌ఎమ్339 సర్క్యూటే మేలు. విడిభాగాలన్నీ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతాయి.

లిథియం బ్యాటరీలకు ఇదే సర్క్యూటు పనికొస్తుందా అన్న ప్రశ్న సహజం. సెల్‌ఫోన్లలో, పవర్‌బ్యాంకుల్లో ఉండే మామూలు లిథియం-అయాన్ సెల్ 4.2 వోల్టుల నుంచి 3 వోల్టుల దాకా దిగుతుంది, ఆ ఒక్క సెల్‌లోనే 1.2 వోల్టుల దూరం ఉంది కాబట్టి పవర్‌బ్యాంకు మీది నాలుగు చుక్కల దీపాలు వోల్టేజి ఆధారంగా కూడా పనికొచ్చే అంచనా ఇవ్వగలవు. ఇప్పుడు ఇన్వర్టర్లలోకీ, ఈ-రిక్షాల్లోకీ వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అలా కాదు. దాని సెల్ చార్జిలో ఎక్కువ భాగం 3.2, 3.3 వోల్టుల మధ్యనే గడిచిపోతుంది, తొంభై శాతానికీ ముప్పై శాతానికీ మధ్య వోల్టేజి తేడా దాదాపు కనిపించదు, ఖాళీ కాబోతున్నప్పుడు ఒక్కసారిగా కూలిపోతుంది. అక్కడ వోల్టేజి చూసి చార్జి చెప్పడం కుదరదు. బ్యాటరీలోకి వెళ్లిన కరెంటునూ బయటికి వచ్చిన కరెంటునూ ఒక అతి చిన్న నిరోధం, అంటే షంట్, ద్వారా క్షణక్షణం కొలిచి జమాఖర్చు రాసుకునే మీటరే చెప్పగలదు. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నవారు ఈ వ్యాసంలోని సర్క్యూటు జోలికి పోకుండా షంట్ ఉన్న మీటరు తెచ్చుకోవడమే సరైన పని.